వేలిముద్ర పడిన అట్ట

నేను ఒక పరీక్ష అట్టను. పైన ఇనుప క్లిప్పు, కింద గోధుమరంగు పలక, అంతే నా అందం. విజయవాడలో ఒక చిన్న కార్ఖానాలో వందలమంది తోబుట్టువులతో పాటు పుట్టాను. పేరుకు పరీక్ష అట్టనే గాని, పరీక్ష ముఖం చూడటానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

నన్ను కొన్నది బలగ గవరయ్య. శ్రీకాకుళం జిల్లాలో ఒక సర్కారు ఆఫీసు గేటు పక్కన కూర్చుని, చదువురానివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు. ఒట్టి కోపిష్టి. నా క్లిప్పు బిగుసుకుపోతే నన్ను కూడా తిట్టేవాడు. కానీ ఒక్క పద్ధతి మాత్రం ఎన్నడూ తప్పలేదు. రాసిన అర్జీ తిరిగి చదివి వినిపించి, వాళ్లు ఔనన్నాకే వేలిముద్ర వేయించేవాడు. వెనక నిలబడ్డవాళ్లు సణిగితే మండిపడేవాడు.

"తొందరేటి? అర్జీ నాది కాదు, ఆళ్లది. ఆళ్లు ఇనాల!"

ఆయన పోయాక కూతురు నీలవేణి చేతికొచ్చాను. వాళ్లమ్మ కొండ కింద సంతలో ఎండుచేపలు అమ్మేది. ఆ సంతకొచ్చే కొండ గిరిజనుల దగ్గరే నీలవేణికి వాళ్ల సవర భాష అబ్బింది. మనుషులు విచిత్రమైనవాళ్లు, డబ్బు కట్టి నేర్చుకున్నదాన్నే చదువంటారు. నీలవేణి కూడా సవర తనకొక అర్హత అనుకోలేదు. ఇంగ్లీషు కోసం మాత్రం రాత్రింబవళ్లు చదివింది. ఆ చదువంతా ఒక కొలువు కోసం.

ప్రభుత్వం పట్టభద్రులను ఎంపిక చేసి పాలనలో శిక్షణ ఇచ్చే పథకం అది. ఇరవై కొలువులకు తొమ్మిది వేలమంది పోటీ. నీలవేణి రెండుసార్లు అంచుదాకా వెళ్లి జారిపోయింది. మూడోసారికి ముప్పై నాలుగేళ్లు నిండాయి, ఆ పైన వయసు ఒప్పుకోదు. ఆ ఏడే గిరిజన భాష వచ్చినవాళ్లకు ఒక కొలువు కేటాయించారు. దానికి రాతపరీక్ష దాటి అయిదుగురు మిగిలారు.

చివరి పరీక్ష పావుగంట. కొండ ఊరి నుంచి సవర సుక్కమ్మ అనే పెద్దావిడను పిలిపించారు. ఆవిడ తన గోడు సవరలో చెబుతుంది, అభ్యర్థి దాన్ని తెలుగులో అర్జీగా రాయాలి. నీలవేణి అందరికంటే ఆఖరున లోపలికి వెళ్లింది. బోరు నీళ్లు తాగలేకపోతున్నామని, నీళ్లకోసం కింద పారే గెడ్డ దాకా నడుస్తున్నామని సుక్కమ్మ చెప్పింది. పాడైన బోరును బాగుచేయించమని నీలవేణి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఇక ఇచ్చేస్తే సరిపోయేది.

ఇవ్వలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని, సుక్కమ్మ పక్కన నేలమీద కూర్చుని, రాసిందంతా సవరలో చెప్పి వినిపించింది. సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. బోరు బాగానే ఉందట. నీళ్లే ఎర్రగా వస్తున్నాయట, పిల్లలకు కడుపునొప్పులట. నీలవేణి గబగబా కొట్టివేసి తిరగరాసింది. కాగితం చూడటానికి అసహ్యంగా తయారైంది. గంట కొట్టారు. అయినా ఆగకుండా జెల్ పెన్ను సిరా సుక్కమ్మ బొటనవేలికి పూసి ముద్ర వేయించింది. వేలు కాగితం అంచు దాటి నా మీద కూడా పడింది.

"ఇది పరీక్షమ్మా, వేలిముద్ర అక్కర్లేదు," అంది ఎదుట కూర్చున్న పెద్ద అధికారిణి.

"పరీక్ష మాకండీ. ఈవిడ అర్జీ పెట్టుకోడానికే వచ్చింది. పొద్దున్నుంచి అయిదుసార్లు చెప్పింది. దీన్ని ఎవరికి పంపుతారు?"

పంపాలన్న ఆలోచన అప్పటిదాకా అక్కడ ఎవరికీ రాలేదు. అధికారిణి మిగతా నాలుగు అర్జీలూ తిరగేసింది. నాలుగింటిలోనూ బోరు పాడయ్యే ఉంది. ఆవిడ నీలవేణి కాగితం మీద సంతకం పెట్టి, నీటి సరఫరా వాళ్లకు పంపమని గుమాస్తాకు ఇచ్చింది.

తిరుగు బస్సులో నీలవేణి కొలువు చేజారిందనుకుని నన్ను గుండెకు హత్తుకుని ఏడ్చింది. "నోరు మూసుకుని కూకోలేకపోనాను అయ్యా," అని చనిపోయిన తండ్రికి చెప్పుకుంది. నాకు మాత్రం ఆ రోజు ఆమెను చూస్తే గర్వంగా ఉంది. గవరయ్య ఉంటే తిట్టకుండా ఉండేవాడని నా నమ్మకం.

జాబితాలో ఆమె పేరు వచ్చింది.

కొలువులో చేరాక ఆఫీసువాళ్లు ఆమెకు ట్యాబు ఇచ్చారు. అయినా మొదటి పర్యటనకు నన్నే తీసుకెళ్లింది. సుక్కమ్మ ఊళ్లో కొండ ఊట నుంచి గొట్టం వేశారు, కుళాయి కింద బిందె నిండుతోంది. సుక్కమ్మ నీలవేణిని మెచ్చుకోలేదు, దండం పెట్టలేదు. నన్ను లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎండిపోయిన సిరా మరక మీద బొటనవేలు ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"ఇది నాది," అంది సవరలో.

నేను కాదనలేదు.