కాలువ గట్టు మీది గుర్రం

"నిలబడే తినెయ్యి అతియా, కూసుంటె మల్లా లేవాల్సొస్తది," అంటుంది మా అత్త ఖాతూన్. అది తిట్టు కాదు, ప్రేమే. ఆమె కూడా ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి అట్లాగే తింటోంది. పెనం మీద ఒక జొన్నరొట్టె కాలేలోపు నేను ఒక ముద్ద తింటాను. ఇంతలో ముందుగదిలోంచి నా భర్త ఫహీం, "వేడిగ ఇంకోటి తేరాదు," అంటాడు. అతను మంచివాడు. మా ఊరు కోస్గి మొత్తం ఆ మాటే అంటుంది, నేనూ అంటాను. అందుకే ఈ నిలబడి తినే సంగతి ఎవరితోనూ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఇవాళ తొమ్మిదో తరగతికి నూటయాభై ఏళ్ల కిందటి హాలెండు బొమ్మలు తెర మీద చూపించాను. అన్నింట్లోనూ కష్టం చేసే గుర్రాలే. కొన్ని చేపల పడవను ఇసుక మీదికి లాగుతున్నాయి, ఒకటి వానలో కాలువ గట్టు వెంట తాడుతో సరుకు పడవను ఈడుస్తోంది. ఇంకో బొమ్మలో గుర్రం గట్టు మీద ఆగి ఉంది. మూతికి దాణా సంచి కట్టారు. ఒంటి మీద పట్టీలు, తాళ్లు అట్లాగే ఉన్నాయి. "ఎంత మంచిగ తింటాంది టీచర్," అంది మల్లిక. నాకు అవునని చెప్ప బుద్ధి కాలేదు.

మా నాన్న తాజుద్దీన్ పాలమూరులో టాంగా తోలేవాడు. ఎంత పొద్దుపోయినా గుర్రాన్ని బండి నుంచి విప్పి, పట్టీలన్నీ తీసి, వీపు రుద్ది, ఆ తర్వాతే మేత వేసేవాడు. "సామాను మీదుంటె జానవర్ తినది బేటా, కడుపు నింపుకుంటది అంతే," అనేవాడు. ఆ బొమ్మ గీసినాయన తడిసిన వీపు మీది మెరుపును కూడా వదలలేదు. గుర్రాన్ని అంత ప్రేమగా చూశాడు. మా ఇంట్లో నన్నూ ప్రేమగానే చూస్తారు. నాకు దుఃఖం రాలేదు గానీ, గట్టిగా ఆకలేసింది.

రాత్రి సగం రొట్టెలు కాగానే పొయ్యి ఆపేశాను. నడుముకు బిగించిన దుపట్టా విప్పి, కంచం పట్టుకుని ఫహీం ఎదురుగా కూర్చున్నాను.

"రొట్టె?"

"జర ఆగుండ్రి. తింటున్న."

"ఏమైంది, పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న. ఆకలైతాంది."

అత్త కంచంతో వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది.

"కూసోండి అమ్మీ."

"మల్లా లేవాల్సొస్తది గదా."

"లేవాల్సొస్తే మీ కొడుకు లేస్తడు."

ఆమె కొడుకు వంక కాసేపు చూసి, మోకాలు పట్టుకుని మెల్లగా నా పక్కన కూర్చుంది. కూరలో ఉప్పు తక్కువైంది. ఫహీం మా ఇద్దరి వంకా చూసి లేచాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందని వంటింట్లోంచి అడిగాడు. మేమిద్దరం కూర్చునే తింటున్నాం.