ఆ ఈల మా బామ్మర్దిది

దుంగలన్నీ ఏటిపాలైన వరద ఏడాది అది. బురద ఎత్తిపోసి కోతమిల్లు మళ్ళీ నడిపించేసరికి ఎక్కడ విన్నా ఒకటే పాట. సినిమా పేరే ఆ పాటలో మొదటి మాట. రేడియోలో వారం వారం శ్రోతలు ఎన్నుకునే పాటల్లో అదే మొదటిది. దాన్ని కదిపే పాట రాలేదు. మధ్యలో ఒక ఈల వస్తుంది. అది వినడానికి మేస్త్రి నా చేత రంపం ఆపించేవాడు.

ఓ రోజు నా నోరు ఊరుకోలేదు. "ఆ ఈల మా బామ్మర్దిది," అన్నాను.

నేను నోరు విప్పడమే అరుదు. అందుకే అందరూ నమ్మారు.

అతను పాటలు రికార్డు చేసే చోట పనిచేస్తాడు. ఈల తనదేనని వాళ్ళక్కతో, అంటే నా భార్యతో, చెప్పాడు. అప్పట్నుంచి ఆమె వీధి కుళాయి దగ్గర తలెత్తుకుని నిలబడుతోంది.

మమ్మల్ని చూడడానికి వచ్చిన బామ్మర్ది, ఓ మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చి మిల్లులో దొరికిపోయాడు.

"రావయ్యా ఈలరాయుడా! ఒక్కసారి ఊదు, మా చెవుల తుప్పు వదులుద్ది," అన్నాడు మేస్త్రి.

రంపం ఆపాను. బామ్మర్ది పెదాలు తడుపుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"పంక్చరైందిరోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

అతను తల వంచుకున్నాడు. "నాది కాదండీ. నేనక్కడ టీలు అందిస్తాను. బావ ఏదో సరదాకి అనుంటాడు."

కళ్ళన్నీ నా మీదికి తిరిగాయి.

"మూగోడు నోరు విప్పితే అన్నీ కోతలే! మిల్లు పేరు నిలబెట్టావయ్యా," అన్నాడు మేస్త్రి.

రంపపుపొట్టులో కూరుకుపోతే బాగుండుననిపించింది.

సాయంత్రం మా వీధి మొదట్లో బామ్మర్ది నాకోసం నిలబడి ఉన్నాడు. "బావా, అక్కకు చెప్పకు," అన్నాడు. ఇద్దరం కలిసే వెళ్ళాం. గుమ్మంలోనే ఆమె ఎదురొచ్చింది.

"ఏవండీ, ఊదాడా? మీవాళ్ళేమన్నారు?"

చెప్పులు విప్పడానికి వంగిన బామ్మర్ది పైకి లేవలేదు.

"ఊదాడు. వాడికోసం రంపం కూడా ఆపాం," అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. అది చూడలేక పెరట్లోకి వెళ్ళాను. కడిగిన కాళ్ళే మళ్ళీ మళ్ళీ కడిగాను.

మర్నాడు పొద్దున మిల్లులో అడుగు పెట్టగానే, "వచ్చాడ్రా కోతలరాయుడు!" అన్నారు. తలెత్తకుండా రంపం దగ్గరికి వెళ్ళాను. కాసేపటికి రేడియోలో ఆ పాట మొదలైంది. మేస్త్రి ఆపమనలేదు. ఈల వచ్చే ముందు రంపం నేనే ఆపాను.