సాసరులో సగం

నేను ఒక సాసరును. పింగాణీ జాతి, అంచున నీలి గీత, ఆ గీత మీద ఒకచోట గోరంత పెచ్చు ఊడింది. నా మీద కూర్చోవలసిన కప్పు ఎప్పుడో పోయింది.

బట్టీలో కాల్చి, ఆరు సాసర్లను ఆరు కప్పులతో జత కట్టి, గడ్డి చుట్టిన మమ్మల్ని గవర్రాజు ఇంటి గృహప్రవేశానికి ఎవరో కానుకగా ఇచ్చారు. ఆ ఇంట్లో మమ్మల్ని అద్దాల బీరువాలో పెట్టి, తగిన అతిథి కోసం పదకొండేళ్లు కాచుకున్నారు. అంత గొప్పవాడెవడూ రాలేదు. బీరువా జరిపిన రోజున కప్పులన్నీ పగిలాయి. వాడకుండా దాచిన సరుకు ఏమవుతుందో బెల్లం వర్తకులకు బాగా తెలుసు, చెమ్మగిల్లి కారిపోతుంది. గవర్రాజు బెల్లం వర్తకుడే. కాకపోతే ఆ సంగతి ఆయనకు దుకాణంలో ఉన్నంతసేపే గుర్తుండేది.

తోటి సాసర్లు పూలకుండీల కిందికి పోయాయి. నన్ను ఆయన అనకాపల్లి మార్కెట్లోని కొట్టుకు తెచ్చుకున్నాడు. అక్కడ నాకు అసలు ఉద్యోగం దొరికింది.

రోజూ పదకొండింటికి ఒక టీ వచ్చేది. ఒకటే. పక్క కొట్టు పైడయ్య వచ్చి ముక్కాలిపీట లాక్కుని, సగం నాలో వంచి గవర్రాజు ముందుకు తోసి, మిగతాది గ్లాసులో తాగేవాడు. లారీల కొద్దీ బెల్లం ఎగుమతి చేసే ఆ ఇద్దరికీ చెరో టీ తెప్పించుకోవచ్చని ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ తోచలేదు.

"ఏటి బావా, సాసరు తడిపీసి వదిలీసినావు? ఇది టీయా, తీర్థమా?" అనేవాడు గవర్రాజు.

"నోరు తడవడానికి సరిపోద్దిలే. ఊదుకో."

"రేపు నాను పోస్తాను."

"నువ్వా? నీ తూకం ఊరందరికీ తెలుసు!"

అప్పుడు గవర్రాజు నన్ను రెండు చేతులా ఎత్తి, ఊది, జుర్రుమని పీల్చేవాడు. ఆ కాసేపూ గుమ్మంలో బేరం నిలబడినా ఆయనకు కనిపించేది కాదు.

ఒకనాడు వర్తక సంఘం హాల్లో ఆనందం మీద ఉపన్యాసం పెట్టారు. చిన్న చిన్న క్షణాల విలువ గురించి వక్త మూడు గంటలు మాట్లాడాడట. ఆ రోజు పదకొండింటి టీ ఎగిరిపోయింది. ఆనందాలు రాసుకోమని తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపారు. మర్నాడు గవర్రాజు అందులో 'టీ' అని రాసి చాలాసేపు ఆలోచించాడు. సగం టీకే ఇంత సుఖముంటే నిండు టీకి రెట్టింపు ఉండాలి. వర్తకుడి బుర్ర ఇంకెటు పోతుంది? రెండు కొత్త స్టీలు కప్పులు కొని, రెండు టీలు తెప్పించాడు. నన్ను అగరొత్తుల బూడిద పట్టడానికి దేవుడి పటం కింద పెట్టాడు.

కొలుచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి తగాదా లేదు. తగాదా లేకపోయేసరికి మాటే లేదు. ఇద్దరూ గోడ చూస్తూ తాగారు. నాలుగో రోజు పైడయ్య, "నా కప్పు నా కొట్టుకే పంపీ బావా, పనుంది" అన్నాడు. ఆ పనేమిటో పటం కింద నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. తన కొట్టు గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు.

గవర్రాజుకు సగం కప్పు తాగేసరికే మొహం మొత్తేది. పుస్తకంలో 'టీ' కింద మరో ముక్క పడలేదు. పిలుద్దామంటే లోకువైపోతానని భయం. రెండో వారం, పైడయ్య కప్పు పట్టుకుని ఎదుటి కొట్టు వైపు నడవడం చూశాడు. ఇక ఆగలేకపోయాడు. నాలోని బూడిద దులిపి, కండువాతో తుడిచి, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో తన కప్పును పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బావా, నాకు టీ ఎక్కువైపోనాది. పారబోస్తే పాపం. సగం పట్టుకో."

పైడయ్య తన చేతిలోని నిండు కప్పు వైపు చూసుకున్నాడు. దాన్ని నింపాదిగా నేల మీద వంపేశాడు.

"నాకు టీయే లేదు. పొయ్యి."

ఈసారి పోసింది గవర్రాజు. సాసరు పైడయ్య వంతు.

"ఏటిది, బూడిద వాసనేస్తంది?"

"దేవుడి కాడ్నుంచి వచ్చింది మరి. కళ్లకద్దుకుని తాగు."

"సగానికి తక్కువే పోసినావు!"

నా అంచున పెచ్చు ఊడినచోట మొదలైన పగులు ఇప్పుడు నడిమి దాకా వచ్చింది. పోసినదాంట్లో కొంత కారిపోతుంది. బల్ల పాడవకుండా నా కింద ఆ ఆనందాల నోటుపుస్తకం వేశారు. కారినది ఎవరి సగంలోంచి పోయిందో ఇంకా తేలలేదు. రోజూ పదకొండింటికి విచారణ జరుగుతోంది.