పధ్నాలుగో కుర్చీ

చివరి పేరు అట్టను బల్ల మీద నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, మెడ వంచి చూశాడు కుర్చీలాయన. మళ్లీ ముందుకు వెళ్లి అట్టను గోరంత పక్కకి జరిపాడు. దౌత్య కార్యాలయంలో ఆయన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. రాయబారి ఇచ్చే విందుల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చడం ఆయన ఉద్యోగం. చెవుల మీద నెరిసిన జుట్టు, మోచేతుల దగ్గర నునుపెక్కిన నల్లకోటు, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకి ఒరిగే నడక. ఐదు దేశాలు తిరిగాడు. ఆ దేశాల్లో ఏం చూశావంటే మాత్రం భోజనాల బల్లల సంగతి తప్ప చెప్పలేడు.

అదేం పనని నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వేవాళ్లకేం, ఎన్నయినా నవ్వుతారు. రాయబారుల్లో పెద్దరికం దేశం సైజును బట్టి రాదు. ఈ దేశానికి ఎవరు ముందొచ్చి నియామకపత్రం సమర్పించారో వాళ్లదే పైకుర్చీ. పైగా మాటల్లేని రెండు దేశాలవాళ్లు పక్కపక్కన పడకూడదు. కొత్తలో ఒకసారి కుర్చీ తారుమారై, ఒక రాయబారి కూర్చోకుండానే కారెక్కి వెళ్లిపోయాడు. ఆ క్షమాపణల తతంగం ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచీ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కనిపిస్తే చాలు, ప్రాణం విలవిల్లాడుతుంది.

ఇవాళ బల్ల బాగానే కుదిరింది. బాగాలేనిది ఆయనే. వంటింటి గుమ్మానికీ హాలుకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్యా కూతురూ ఈ మధ్యాహ్నం విమానానికి స్వదేశం వెళ్లిపోతున్నారు.

పిల్లకి ఊరు మారినప్పుడల్లా బడి మారింది, స్నేహితులు మారారు. ఇప్పుడు ఎవరితోనూ స్నేహం చేయడం మానేసింది. ఎలాగూ వదిలేసి పోయేదానికి ఎందుకమ్మా అందట. ఆ మాట విన్నాక భార్య ఇక ఆగలేదు. తమ్ముడింట్లో ఉండి పిల్లని అక్కడే చదివిస్తానంది. ఎన్నాళ్లని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కానీ సర్దుతున్న పెట్టెలో పెళ్లినాటి ఫోటో చూశాడు. సెలవులకి వెళ్లే మనిషి పెళ్లి ఫోటో పట్టుకెళ్తుందా? రాత్రంతా ఆయనకి కంటిమీద కునుకు లేదు.

పొద్దున గడ్డం గీసుకుంటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. తనను కూడా స్వదేశానికి బదిలీ చేయమని రాస్తాడు. ఏళ్లుగా ఆవిడ అడుగుతున్నదే, ఏళ్లుగా ఆయన దాటేస్తున్నదే. అక్కడి ఆఫీసులో విందులుండవు, బల్లలుండవు. తనకి వేరే పని చేతకాదని లోపల్లోపల భయం. ఆ భయాన్ని ఇవాళ ఎలాగో మింగాడు.

ఆఫీసుకి బయల్దేరుతుంటే ఇంటి గుమ్మం దగ్గర భార్య అడిగింది, "విందు మొదలవగానే వచ్చేస్తారుగా?"

"వాళ్లు కూర్చున్న మరుక్షణం బయల్దేరతాను. నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పచ్చుగా."

"విమానాశ్రయంలో చెప్తాలే."

తీరిగ్గా కూర్చోబెట్టి చెబుదామనుకున్నాడు మహానుభావుడు. ఆవిడ ఆయన కోటు కాలరు సరిచేసి లోపలికి వెళ్లిపోయింది.

అతిథులు దిగుతుండగా కబురొచ్చింది. ఒక రాయబారికి జ్వరమట, రావడం లేదట. పధ్నాలుగు మంది కాస్తా పదమూడు మందయ్యారు. ముఖ్య అతిథికి పదమూడు అంకె గిట్టదు. పదమూడు మంది ఉన్న బల్ల దగ్గర ఆయన కూర్చోడని అన్ని కార్యాలయాలకీ తెలుసు. ఇలాంటప్పుడు ఆఫీసులోంచి ఎవరినైనా పిలిచి ఆ కుర్చీ నింపడం మామూలే. పై అంతస్తులో వాణిజ్య కార్యదర్శి ఉన్నాడు. విందంటే చెవి కోసుకునే మనిషి, కేకేస్తే నాలుగేసి మెట్లు దిగి వస్తాడు.

విందు ఇస్తున్న తమ రాయబారి గారు గొంతు తగ్గించి, "ఏమయ్యా, ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

"నేనున్నాను సార్, కూర్చుంటాను."

ఆ మాట అన్నది తనేనని తెలియడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. ఖాళీ కుర్చీ కనిపించింది, నోరు దాని పని అది చేసేసింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా? మన వాణిజ్య కార్యదర్శి ఉన్నాడు సార్ అందామని నోరు తెరిచేసరికి రాయబారి గారు భుజం తట్టి అతిథుల వైపు వెళ్లిపోయారు. ఆనవాయితీ ప్రకారం అందరితోపాటు ఫోను బయట బుట్టలో పెట్టి, ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

వచ్చినవన్నీ తిన్నాడు. తినకపోతే పక్కవాళ్లు గమనిస్తారు. మంచినీళ్లు తాగిన ప్రతిసారీ గోడ గడియారం వైపు చూశాడు. కుడిపక్కన కూర్చున్న పెద్దావిడ మర్యాదకి పలకరించింది.

"మీ కుటుంబం ఇక్కడే ఉంటుందా?"

"ఉంటుందండీ," అన్నాడు. ఆవిడ అడగకుండానే మళ్లీ, "ఇక్కడే," అన్నాడు.

ముఖ్య అతిథి లేచేదాకా ఎవరూ లేవకూడదు. కార్యాలయంలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఆ నియమం నేర్పింది ఆయనే. ముఖ్య అతిథి ఎప్పుడో పడవలో తప్పిపోయిన కథ మొదలుపెట్టి, ఒడ్డుకి చేరబోతూ ఆగి, ఇంకో కాఫీ అడిగాడు. అందరూ నవ్వినచోట కుర్చీలాయన కూడా నవ్వాడు.

చివరికి లేచారు. బుట్టలోంచి ఫోను తీశాడు. కూతురు చాలాసార్లు చేసింది. తరువాత సందేశం పెట్టింది.

"ఇంక ఆగనివ్వడం లేదు, లోపలికి వెళ్లిపోతున్నాం నాన్నా. నువ్వేదో చెప్తానన్నావని అమ్మ ఇందాకటిదాకా గేటు దగ్గరే నిలబడింది. అన్నం తిన్నావో లేదో కనుక్కోమంది."

వెంటనే చేశాడు. కూతురి ఫోను కట్టేసి ఉంది. భార్యదీ అంతే.

కార్యాలయం కారు గుమ్మం ముందు ఆగింది. "విమానాశ్రయానికే కద సార్?" అని డ్రైవరు అడిగాడు. కుర్చీలాయన తలుపు పట్టుకుని ఫోను మళ్లీ ఒకసారి చూశాడు. ఆయనకి ఏడుపొచ్చింది. డ్రైవరు ముందు ఏడవలేక కారెక్కి తలుపేసుకున్నాడు.

"ఇంటికి పోనీ."

ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అలమారాలో ఆవిడ వైపు అర ఖాళీగా ఉంది, ఆయన చొక్కాలు ఇస్త్రీ మడతల్లో ఉన్నాయి. కోటు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లాడు. ఊరందరికీ విందు పెట్టించే రోజున ఈయనకి పస్తేనని ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు. అలాంటి రోజుల్లో ఇంటికి రాగానే వడ్డించేది. బల్ల మీద ఒక కంచం, కంచం మీద మూత. ఆయన మూత తీశాడు. రెండు కూరలు, పక్కన అన్నం, ఆయన ఎప్పుడూ అడిగే మాడు ముక్కతో సహా. కడుపు నిండా ఉంది, ముద్ద దిగదు.

మూత లోపలివైపు పట్టిన ఆవిరి బొట్లు ఒక్కొక్కటీ జారి అంచు దగ్గర ఆగుతున్నాయి.