దొరసాని అత్తరు

ఆ కాలంలో గొప్పింటి ఆడవాళ్లు బిడ్డల్ని కనేవారు, అంతే. తక్కిన చాకిరీ జీతమిచ్చి చేయించుకునేవారు. దొరసాని కొడుక్కి పాలివ్వడానికి కుదిరిన దాది, తన చంటిపిల్లను వదిన చేతిలో పెట్టి ఆ మేడకు వచ్చింది. షరతు ఒక్కటే: బాబు పాలు మానేదాకా ఇంటి ముఖం చూడకూడదు. పాలు కొనుక్కున్నాక చుక్కయినా పక్కకు పోకూడదు కదా మరి. తిండి మాత్రం బాగా పెట్టారు, పాడిఆవుకు పెట్టినట్టు.

ఒకరోజు వదిన పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పిల్ల గంజి నిలుపుకోవట్లేదే. ఎత్తుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. ఒక్కసారి వచ్చి పాలు పట్టిపో."

దాది చేతులు తుడుచుకుని దొరసాని గదికి వెళ్లింది. దొరసాని అద్దం ముందు కూర్చుని చెవుల వెనక అత్తరు రాసుకుంటోంది.

"అమ్మగారూ, ఒక్కపూట పంపించండి. నా పిల్ల చిక్కిపోయిందంట. సాయంత్రానికల్లా వచ్చేస్తాను."

"నీ పిల్ల పీల్చేశాక మిగిలింది మావాడికా?" దొరసాని అద్దంలోంచే అంది. "మీవాళ్లకి గంజి పడుతుందిలే. అలవాటైన ప్రాణాలు. ఇదిగో, ఈ సీసా అయిపోయింది, పారెయ్."

దాది సీసా అందుకుంది. పారెయ్యలేదు.

బాబుకు అప్పుడే పళ్లొస్తున్నాయి. తాగుతూ తాగుతూ కొరికేవాడు. అలాంటి బిడ్డకు రొమ్ము మీద కాస్త చేదాకు ముద్ద రాసి బుద్ధి చెప్పడం దాదులందరూ చేసేదే. ఈ దాది దానికి చిన్న మెరుగు పెట్టింది. చేదు రాసినప్పుడల్లా, అత్తరు తడి ఇంకా అంటుకునున్న ఆ సీసా మూతను రవికె అంచుకు అద్దేది. చేదు కడిగినప్పుడు అత్తరూ కడిగేసేది. వాడు మొహం ముడిచి ఏడిస్తే వెంటనే నాలుక తుడిచి ఎత్తుకునేది.

"నీ తప్పేం లేదు నాయనా. మీ అమ్మనడుగు."

కొన్నాళ్లకు చేదుతో పని లేకపోయింది. అత్తరు వాసన తగిలితే చాలు, బాబు పెదాలు బిగించి మొహం తిప్పేసేవాడు. దొరసానికి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఆమె కొడుకును గుమ్మంలోంచే చూసి, "బాగున్నాడు కదా?" అని వెళ్లిపోయేది.

ఇంతలో దొరసాని అత్తగారు గుర్రబ్బండిలో దిగింది. మనవణ్ణి చూడటానికి చుట్టాలంతా హాల్లో చేరారు. దొరసాని తలదువ్వుకుని, పట్టు కట్టుకుని, మామూలుకంటే ఎక్కువ అత్తరు పూసుకుని కొడుకును ఒళ్లోకి తీసుకుంది.

మేడ ఎగిరిపోయేలా ఏడ్చాడు వాడు. విల్లులా వెనక్కి వంగిపోయాడు. తల్లి గడ్డాన్ని రెండు చేతులతో తోసేశాడు.

"ఏమ్మా కోడలా, కన్నది నువ్వేనా?" అంది అత్తగారు. చుట్టాల్లో ఎవరో దగ్గు కింద నవ్వు దాచుకున్నారు.

దాది వచ్చి ఎత్తుకోగానే బాబు ఆమె మెడలో మొహం దూర్చేసి ఊరుకున్నాడు.

"వీడి ప్రాణాలన్నీ నీ మీదే ఉన్నట్టున్నాయే!" అంది అత్తగారు.

"నా ప్రాణాలే ఇక్కడ లేవు పెద్దమ్మగారూ," అంది దాది తలొంచుకుని. "ఇంటి దగ్గర పాలులేక నా పిల్ల చిక్కిపోతోంది. ఆ దిగులుకి నా పాలు కూడా ఇంకిపోతున్నాయి. బాబుకి ఏం చాలుతాయో ఏమో."

"అత్తయ్యా, అదంతా..."

"నువ్వాగు. నీ దగ్గరికే రాని బిడ్డ గురించి నువ్వేం చెప్తావు?" పెద్దావిడ మనసు కరిగిందని అనుకోనక్కర్లేదు. కోడలి మొహం నలుగురిలో నల్లబడటం ఆవిడకు బహు తీపిగా ఉంది. ఆ తీపిని ఇంకాస్త సాగదీసింది. "నా బండి పంపించి ఆ పిల్లను తీసుకురండి. బాబు గదిలోనే ఉయ్యాల వెయ్యండి. ఎవరు కాదంటారో చూస్తాను."

పిల్ల వచ్చింది. తల్లిని మరిచిపోయింది కానీ పాలను మరవలేదు. ఒక చేత్తో రవికె గుప్పెట పట్టి వదలకుండా తాగింది. దాది గోడ వైపు తిరిగి కూర్చుంది, కళ్లు ఎవరికీ కనబడకుండా.

దొరసాని గుమ్మం దగ్గర నిలబడింది. ఈసారి వెంటనే వెళ్లిపోలేదు.

"దాదీ," గొంతు తగ్గించి అడిగింది. "వాడు నా దగ్గరికి రావాలంటే ఏం చెయ్యాలే?"

దాది ఆమె మొహంలోకి చూసింది. ఒక్కపూట అడిగినప్పుడు ఆ మొహం అద్దంలోంచి కదలలేదు.

"ఏముందమ్మగారూ," అంది చల్లగా. "మీ వాసన వాడికి ఇంకా అలవాటవ్వలేదు. ఇంకాస్త ఎక్కువ పూసుకోండి."

మర్నాడే అత్తరు దుకాణానికి కబురెళ్లింది, పెద్ద సీసా కావాలని.