బావ నమ్మని క్యాప్సూల్

బోర్డులు రాసే బావమరిది చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా తాగకూడదని వీధి వీధంతటికీ తెలుసు. కిందటేడు తాళాలు బాగుచేసే బావకి తలనొప్పి వస్తే, క్యాప్సూల్ విప్పి, మందు పారబోసి, మిరియాల పొడి కూరి మరీ మింగించాడు. పాపం బావ సాయంత్రం దాకా కారంగా తేన్చాడు.

అలాంటి బావకి ఈమధ్య అపెండిక్స్ కడుపులోనే పగిలింది. కోసి, చీము కడిగి, కుట్టి ఇంటికి పంపారు. తీరా చీము పట్టకుండా ఇచ్చిన గట్టి మందులకి విరేచనాలు పట్టుకుని మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఆస్పత్రికెళ్ళిన బావమరిదిని డాక్టరమ్మ పక్కకి పిలిచింది.

"ఆ మందులు చెడ్డ క్రిములతో పాటు పేగుల్లో మంచి క్రిముల్ని కూడా చంపేస్తాయి. ఈ క్యాప్సూల్స్‌లో ఉన్నవి ఆ మంచివే, కాస్త నెమ్మదించొచ్చు. ఇంకా నీరసపడితే మాత్రం మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాలి. ఆ ఒళ్ళు తట్టుకుంటుందో లేదో చెప్పలేను."

ఇంటికొచ్చి బావకి క్యాప్సూల్ అందించాడు.

"ఏంట్రా ఇది?"

"కోట్ల క్రిములు బావా. బతికే ఉన్నాయి. మింగెయ్."

బావ నవ్వబోయి కుట్లు పట్టుకున్నాడు. "అబ్బా... నవ్వించకురా సన్నాసీ! మిరియాలు అయిపోయాయా?"

"నిజం బావా. లోపలికెళ్ళి కాపురం పెడతాయి."

"అద్దె ఎంతిస్తాయంట?"

బావమరిదికి నాలిక చివరిదాకా జవాబు వచ్చింది. ఆపుకున్నాడు. డబ్బా మీద అక్షరాలు చూపించాడు.

"రాతపని నీదేగా. ఇదీ నువ్వే రాసుంటావ్."

బావమరిది తనే ఒకటి మింగి చూపించాడు.

"నటన మాత్రం అదుర్స్!"

బావ కళ్ళు మెరుస్తున్నాయి. ఆపరేషన్ తర్వాత ఆ మెరుపు రావడం ఇదే మొదలు. ఆట ఇంకాసేపు సాగనిద్దామనిపించింది బావమరిదికి. అంతలో బావ కడుపు పట్టుకుని, బాత్రూంకి తీసుకెళ్ళమని చెయ్యి చాచాడు. నడిపిస్తుంటే, భుజం మీద వాలిన ఆ చేతికి బరువే లేదు. ఇనప తాళాలు ఊడబెరికిన చెయ్యి అది.

తిరిగొచ్చి పడుకోబెట్టాక, బావమరిది మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"బావా. పోయిన అక్క మీద ఒట్టు. వేళాకోళం కాదు. వేసుకో."

ఎన్ని వెధవ్వేషాలు వేసినా, అక్క ఉన్నప్పుడు గానీ పోయాక గానీ, ఆవిడని మాత్రం ఏనాడూ ఆటలోకి లాగలేదు వాడు. ఆ సంగతి ఆవిడ మొగుడికి తెలియంది కాదు.

బావ ముఖంలో దీపం కొండెక్కినట్టయింది. నోరు తెరిచాడు. క్యాప్సూల్ లోపలికి పోయింది, నీళ్ళు సగం గడ్డం మీదుగా కారాయి. పైకప్పుకేసి చూశాడు.

"ఒరేయ్... నాకు అంత బాగాలేదా?"

బావమరిది తువ్వాలు తీసుకుని బావ గడ్డం తుడిచాడు. తడి పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.