మరియమాత మా ఇంటికి వచ్చిన సాయంత్రం

యశస్వినీ, ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా ఈ అమ్మమ్మ దగ్గరకు జరిగి కూర్చో. ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

గుంటూరులో నాకు ఆపరేషన్ చేసి, పేగు కొసను పొట్ట మీదికి తీసి సంచి తగిలించారు కదా. మలం అందులోకే వస్తుంది. కడగడం, మార్చడం నేర్చుకున్నాను. కష్టమల్లా చప్పుడుతోనే. గాలి వచ్చినప్పుడు నలుగురిలో ఉన్నా మోగుతుంది, ఆపడం నా చేతిలో లేదు. అందుకే ఆదివారం పూజ మానేశాను. రెంటచింతల చర్చి మైకు మా వంటింట్లోకి వినపడుతుంది. పొయ్యి పక్కన పీట వేసుకుని ఫాదరు చెప్పే ప్రార్థనలకు ఒక్కదాన్నే జవాబులు చెప్పుకునేదాన్ని. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులనేదాన్ని. అట్లా ఏడాది గడిచింది.

అక్టోబరు జపమాల నెల. మరియమాత స్వరూపాన్ని రోజుకో ఇంటికి తెచ్చి అందరూ జపం చెబుతారు. మా వంతు వచ్చింది. పక్కింటి ఇన్నమ్మక్కతో, "తల్లిని పెట్టిపోండక్కా, నేనొక్కదాన్నే చెప్పుకుంటా" అన్నాను.

"ఏందే శౌరీ, తల్లి కావాల, మేం వద్దా?"

వాళ్లు ఆగరని తెలిసి, పొట్ట ఖాళీగా ఉంటే మోగదనుకుని, ఆ రోజంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తిండి మానితే గాలి ఎక్కువవుతుందని ఆసుపత్రిలో నర్సు చెప్పనే చెప్పింది. ఉపవాసాలకు అలవాటుపడ్డదాన్ని, వింటానా!

దీపాల వేళకు ఇల్లు నిండింది. జపం మధ్యలో అందరూ ఊపిరి తీసుకునే చోట నా చీర కింద నుంచి బర్రుమంది. పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సంచి అక్కా... ఆపరేషన్‌లో పొట్టకు సంచి పెట్టారు" అన్నాను, తలెత్తకుండానే.

"ఇందుకా తలుపేసుకుంది? నీ మోకాళ్లకని చానా రోజులుగా ఆముదం కాచి పంపిస్తన్నా గదే! అదంతా ఏం చేశావే?"

"తలకు రాసుకున్నానక్కా."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. జపం మళ్లీ మొదలైంది. సంచి మళ్లీ మోగింది. ఎవరూ తిరిగి చూడలేదు.

వాళ్లు వెళ్లాక ఇల్లు మరీ పెద్దదైపోయినట్టనిపించింది. చాపలు తియ్యబుద్ధి కాలేదు.

మరునాడు కాస్త పెరుగన్నం నమిలి తిని, సంచి ఖాళీ చేసుకుని, తల్లి వెంట తరువాతి ఇంటికి నడిచాను. గడప దగ్గరే, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్లే ధైర్యం ఇంకా రాలేదు.

గుర్తుపెట్టుకో తల్లీ. ఇట్లా తలుపేసుకున్నవాళ్లు నీకు ఎప్పుడైనా తగిలితే, పక్కన కూర్చుని నా సంగతి చెప్పు. బర్రుమన్నది మాత్రం దాచకు.